ఒంటి టిక్కు

"ఇయ్యనంటే ఇయ్య. నా పానం పోయినంక తీస్కపొండ్రి ఆ ఫోను" అంటూ అనీస్ బేగం వంటింటి గడప మీద అడ్డంగా కూర్చుంది.

నూరుద్దీన్ కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చాడు. కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసే మొదటి పని అది. రెండో పని ఏమిటో ఇన్నేళ్ళ కాపురంలో అనీస్ బేగం కూడా ఒక్కసారే చూసింది. ఆ ఒక్కసారి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"నీ పానం ఎవలడిగిన్రు? ఫోనడుగుతున్నరు. మధ్యాహ్నం లోపల సారు వస్తనన్నడు. ఇయ్యకపోతే కోడలిని రేపు ఫ్యాక్టరీ గేటు లోపలికి రానియ్యరు."

"రానియ్యకపోతే మానె. నా కొడుకు ఫోన్ చేస్తే ఎవలెత్తాలె? మీ సారెత్తుతడా?"

"ఇన్ని దినాల సంది చెయ్యనోడు ఇయ్యాల్నే చేస్తడా?"

అనేశాక నూరుద్దీన్ నాలుక కరుచుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఆయనకు ఆ సంగతి ఒకసారి అనుభవంలోకి వచ్చింది కూడా. అయినా నోటికి అనుభవం ఎక్కడిది?

అనీస్ బేగం ఏడవలేదు. కొంగు తల మీదికి లాక్కుని గోడకేసి చూస్తూ కూర్చుంది. దానికంటే ఏడ్చి ఉంటేనే నయం.

వీళ్ళిద్దరికీ మధ్య, రొట్టెల పిండి అంటిన చేతులతో మాహిరా అలాగే నిలబడి ఉంది. ఫోను ఆమెది. ఉద్యోగం ఆమెది. ఇల్లు వదిలి పోయినవాడు ఆమె మొగుడు. అయినా పొద్దుటి నుంచి ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

"అమ్మీ, ఫోను ఏడ పెట్టిన్రు?" అంది అత్తగారితో మెల్లగా.

"నాకెర్క లేదు."

"నేను ఎవలకు ఇయ్యను. జెర చూస్త."

"చూస్తవ్. చూసినంక మీ అబ్బా మొఖం చూస్తవ్. ఆ మొఖం చూసి ఇచ్చేస్తవ్. నీ సంగతి నాకెర్కనే బేటా."

అత్తగారు చెప్పింది అబద్ధమైతే కదా కాదనడానికి.

పాశమైలారంలో ఆమె పనిచేసే మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఫోన్లు లోపలికి తేరాదని పెద్ద బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందనుంచే అందరూ ఫోన్లు జేబులో వేసుకుని లోపలికి పోతారు. ఎందుకంటే లోపల పని నడిచేదే వాటి మీద. మందు ఏ వేడి మీద ఎంతసేపు ఉడకాలో రాసి ఉండే కాగితాన్ని బ్యాచ్ షీటు అంటారు. మీటరు ముల్లు కాస్త అటూ ఇటూ అయితే చాలు, "షీటు ఫొటో కొట్టి పంపు మాహిరా" అని మేనేజరు మురళీమోహన్ ఫోన్ చేసేవాడు. పనికి కంపెనీ ఫోన్లు వస్తాయన్నారు. వస్తూనే ఉన్నాయి. అవి వచ్చేలోగా కంపెనీ గుట్టంతా పనివాళ్ళ జేబుల్లో, దిండ్ల కింద, పిల్లల ఆటల మధ్య తిరుగుతూ ఉంది.

అట్లా మాహిరా పంపిన ఒక ఫొటో ఇప్పుడు ఇంకో కంపెనీ వాళ్ళ చేతుల్లో తేలింది. ఫొటో మూలన తెల్లకోటు చెయ్యి పడింది. ఆ చేతి అంచు ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది. తెల్లదారం అయిపోయిందని, "ఎవలు చూస్తరు బేటీ" అంటూ కుట్టి ఇచ్చింది మామ నూరుద్దీనే. చూడాల్సిన వాళ్ళందరూ చూశారు.

ఆ ఫొటో ఆమె ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. మురళీమోహన్‌కు ఒక్కడికే పంపింది. రెండు ఫోన్లలోనే ఉన్నది మూడో చోటికి ఎట్లా పోయిందని కంపెనీవాళ్ళ ప్రశ్న. మేనేజరు ఫోను నిన్ననే తీసుకున్నారు. ఇక మిగిలింది ఈమెది. సిమ్ముతో సహా ఇవ్వాలట. చూసి, లోపల ఉన్నదంతా తుడిచేసి వాపసు ఇస్తారట.

ఉన్నదంతా అంటే, మొగుడు ఇజాజ్ పాత మెసేజుల్లోని గొంతు కూడా.

ఇస్నాపూర్ చౌరస్తాలో ఇజాజ్‌కు జిరాక్సు షాపు ఉండేది. ఆధార్ కార్డులు, కిరాయి కాగితాలు, పెళ్ళి పిలుపులు, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్ళ రైలు టికెట్లు, అన్నీ అక్కడే. జనం తమ వాట్సాప్‌ను షాపు లాప్‌టాప్‌లో తెరిచి, ప్రింటు తీసుకుని, మూయడం మరిచిపోయి పోయేవాళ్ళు. వాళ్ళ ఇంటి సంగతులన్నీ అట్లాగే తెర మీద మిగిలిపోయేవి. ఇజాజ్‌కు అది నచ్చేది కాదు. ఒక అట్ట మీద తన చేత్తో పెద్ద అక్షరాలతో రాసి గోడకు కొట్టాడు: పని అయినంక లాగౌట్ చేసి పొండ్రి. మాహిరాకు మాత్రం ఆ చట్టం లేదు. ఆమెది ఎప్పుడూ తెరిచే ఉండేది. ఎందుకని అడిగితే, "నువ్వు కస్టమర్‌వా?" అనేవాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. ఇంకోటి కుదరక అతను ఇంట్లో కూర్చున్నాడు. ఒకరోజు అందరూ అన్నం ముందు ఉండగా నూరుద్దీన్, "పెండ్లాం కష్టం మీద కూసొని తింటే కూర మంచిగనే రుచైతది" అన్నాడు. ఇజాజ్ ముద్ద కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారి షాపు లాప్‌టాపు, ఒక బ్యాగు తీసుకుని వెళ్ళాడు. ఫోను ఆపేశాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక అనీస్ బేగం కోడలి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "బేటా, తిన్నవా?" అని కొడుకు నంబరుకు వాయిస్ మెసేజ్ పెడుతుంది. అవతలి ఫోనుకు చేరితే రెండు టిక్కులు పడాలి. ఒక్కటే పడుతుంది.

"ఒక్కటే పడ్డదా?"

"ఒక్కటే అమ్మీ."

"రేపు రెండు పడ్తయి తియ్యి."

ఇది రోజూ జరిగేదే. మాహిరా మాత్రం అతనికి ఏమీ పంపలేదు. రాస్తుంది, తుడిచేస్తుంది. చెప్పకుండా పోయినవాడికి తానే ముందు ఎందుకు రాయాలి? రోషం ఒక్క మగవాళ్ళ సొత్తేం కాదు. కానీ ఆమె ఎక్కే కంపెనీ బస్సు ఆ షాపు ఉన్న చోటి మీదుగానే పోతుంది. అది దాటేటప్పుడు మాహిరా రెండు కాళ్ళూ కాస్త పైకి ఎత్తి పెడుతుంది. తొక్కినట్టు ఉంటుందని. పక్కన కూర్చున్నవాళ్ళకు తిమ్మిరెక్కిందని చెబుతుంది.

గడప దగ్గర గొడవ ఇంకా తెగనే లేదు, అంతలో బియ్యం డబ్బా మోగింది.

ముగ్గురూ డబ్బా వైపు చూశారు. తర్వాత అనీస్ బేగం చూపు తిప్పుకుని ఇంటి కప్పును పరీక్షించడం మొదలుపెట్టింది. మాహిరాకు నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వితే వెనకాలే ఏడుపు వస్తుందని ఆపుకుని, పిండి చేతులనే బియ్యంలోకి దూర్చి ఫోను తీసింది.

"నేనే అమ్మా, మురళీమోహన్‌ను. నా బిడ్డ ఫోన్‌ల కెల్లి చేస్తున్న. చిట్కుల్‌ల మజీద్ కాడికి వచ్చిన. ఇల్లు ఎటు?"

మురళీమోహన్ వచ్చి ముందు గదిలో కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో ఆయన గొంతు వింటేనే మిషన్లు సర్దుకుంటాయంటారు. ఇక్కడ మాత్రం ప్యాంటుకు అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరుకుంటూ, ఎవరి కళ్ళలోకీ చూడకుండా కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీ కోడలిని దొంగ అనెతందుకు రాలే. ఫొటో పంపమన్నది నేను. ఆ మాట కంపెనీల చెప్పిన. చెప్పినందుకు నన్ను గూడ బయట కూసోబెట్టిన్రు."

"మరి ఇంకేం కావాలె సార్ వాళ్ళకు?" అన్నాడు నూరుద్దీన్.

"ఎట్ల పోయిందో కావాలె. అది తెలిసేదాక ఇద్దరం దొంగలమే." ఆయన మాహిరా వైపు తిరిగాడు. "కంప్యూటర్లు చూసే సుధీర్ ఒక మాట చెప్పిండు. నీ వాట్సాప్ ఇంకేదన్న మిషన్ల తెరిచి ఉన్నదా? అట్ల ఉంటే నీకు వచ్చింది, నువ్వు పంపింది అంత ఆడ గూడ కనబడ్తదట. ఫోను నీ చేతులనే ఉంటది, చదివేటోడు ఇంకోడుంటడు."

మాహిరా లేదనబోయి ఆగింది. ఈ మధ్య గ్రూపులో తాను ఇంకా తెరవని మెసేజులు చూసేసినట్టు ఉంటున్నాయి. అత్తగారు ఫోను కెలికి ఉంటారనుకుని ఊరుకుంది.

"మూల మీద మూడు చుక్కలున్నయి చూడు. అవి నొక్కు. లింక్డ్ డివైజెస్ అని వస్తది. అండ్ల ఏదన్న కనబడితే నువ్వు బతికినట్టే అమ్మా. దొంగ వాడయితడు. పోలీసోళ్ళు వాని ఎంట పడ్తరు, నీ ఎంట ఎవలు పడరు."

ఆమె నొక్కింది.

ఒక్కటే వరస కనబడింది. విండోస్ కంప్యూటర్. చివరిసారి వాడింది ఈ రోజు పొద్దున.

ఆమె వాట్సాప్ ఈ భూమ్మీద ఒకే ఒక్క కంప్యూటర్‌లో తెరిచి ఉండేది.

"ఉన్నదా?" అన్నాడు మురళీమోహన్.

మాహిరా ఫోను బోర్లా తిప్పింది. "చాయ్ తెస్త సార్" అంటూ పరదా తీసుకుని లోపలికి వచ్చేసింది.

పొయ్యి దగ్గర నిలబడింది. ముందు వచ్చింది సంతోషమే. ఉద్యోగం, దొంగతనం, పోలీసులు ఏవీ గుర్తు లేవు. బతికే ఉన్నాడు. ఈ పొద్దున ఎక్కడో కూర్చుని ఆ లాప్‌టాప్ తెరిచాడు. ఆ తెర మీద తను ఉంది.

అంతలోనే ఒళ్ళు మండింది. ఆ తెర మీద తను ఒక్కతే లేదు. పంపినవన్నీ అక్కడ కనబడతాయని సారు చెప్పాడు. అమ్మీ పెట్టిన ప్రతి వాయిసూ అక్కడికి చేరింది. ఇజాజ్ ఫోనుకు చేరక ఒంటి టిక్కుతో నిలిచిపోయిన ప్రతి "తిన్నవా"నూ అతను విన్నాడు. విని కూడా ఒక్క మాట చెప్పలేదు. ఇటు ముసలామె రేపు రెండు పడతాయని రోజూ తనకు తనే చెప్పుకుంటూ ఉంటే, అటు ఆయనగారు వింటూ కూర్చున్నాడన్నమాట.

లేక లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేశాడా? ఎవడో పరాయివాడు అమ్మీ గొంతు వింటున్నాడా? బ్యాచ్ షీటు ఫొటో తీసుకున్నది ఎవరు?

ఇజాజ్ పేరు తెరిచింది. కుడివైపున వరసగా అమ్మీ వాయిస్‌లు, అన్నిటికీ ఒక్కటే టిక్కు. ఇన్నాళ్ళ రోషం పక్కన పెట్టి వాటి కింద రాసింది.

"నువ్వేనా?"

టిక్కు ఒక్కటే పడింది.

"చాయ్‌కు ఎసరు పెట్టకుండ ఏం చేస్తున్నవ్?" అంటూ అనీస్ బేగం పక్కకు వచ్చింది. మాహిరా తెర మీదనుంచి కళ్ళు తీయలేదు.

అప్పుడు ఆమె మాట కిందే, ఆమె వైపే, ఇంకో మాట వచ్చి కూర్చుంది. ఆమె రాయలేదు. ఆమె వేలు తెరకు తగలనైనా లేదు. ఆమె వాట్సాప్‌లోనుంచే ఎవరో రాస్తున్నారు కాబట్టి అది ఆమె రాసినట్టే పడింది.

"పని అయినంక లాగౌట్ చేసి పొండ్రి."

మాహిరా చేత్తో నోరు మూసుకుంది. షాపు గోడ మీది అట్ట కళ్ళకు కట్టింది. ఆ అట్ట రాసిన చెయ్యి తెలిసిన వాళ్ళు ఎవరైనా ఆ మాట ఎవరిదో పట్టేస్తారు.

వెంటనే ఇంకోటి. "జల్దీ తీసెయ్యి మాహీ. ఈ లాప్‌టాప్ ముందట నేనొక్కన్నే కూసోను."

ఆమె "ఏడున్నవ్?" అని రాసింది. మళ్ళీ రాసింది. "నువ్వు తీసినవా ఆ ఫొటో? ఎవలు కూసుంటరు నీతోని?"

ఆ ప్రశ్నలన్నీ దాటేసి ఒకే ఒక్క మాట వచ్చింది.

"అమ్మీకి చెప్పు. తిన్న."

మాహిరా అది పైకి చదివింది.

అనీస్ బేగం ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత పొయ్యి గట్టు పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "తిన్నడంట" అంది. "తిన్నడంట" అని ఇంకోసారి, పొయ్యితో చెప్పుకున్నట్టు అంది.

పరదా దగ్గర నూరుద్దీన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. కళ్ళజోడు చేతిలో ఉంది కానీ తుడవడం లేదు.

"ఎవలు? వాడేనా?"

మాహిరా తల ఊపింది. ముందు గదిలోకి వినపడకుండా చెప్పింది. "షాపు లాప్‌టాప్ అబ్బా. ఈడ ఉన్నదంత ఆడ కనబడ్తది. ఇది సారుకు చూపిస్తే నేను బయటపడ్త. ఆయన దొరుకుతడు. ఆ లాప్‌టాప్‌ను ఈడికెల్లి మూసేస్తే ఆయన పేరు రాదు. కని మల్ల మన మాట ఆయనకు పోదు, ఆయన మాట మనకు రాదు. దొంగతనం నా మీదనే ఉంటది."

పొద్దుటి నుంచి ఫోను ఇచ్చేయమని, పరువుగా బతకాలని, తప్పు చేయనివాళ్ళకు భయమెందుకని ఇల్లెక్కి అరిచిన మనిషి చెయ్యి చాచాడు.

"జెర నాకియ్యి బేటీ. ఎట్ల మాట్లాడాలె దీంట్ల?"

మాహిరా వాయిస్ బటన్ నొక్కి పట్టుకుని ఆయన నోటి దగ్గర పెట్టింది. నూరుద్దీన్ పెదవులు కదిలాయి. కొడుకు పేరు రావడానికే చాలాసేపు పట్టింది.

"ఇజాజ్... నేను. నేనన్న మాట..." ఆపైన మాట రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది, బరువుగా, రెండు మూడు సార్లు. ఆయన తల అడ్డంగా ఊపి చాలన్నట్టు చెయ్యి చూపించాడు. మాహిరా వేలు తీసింది. వాయిస్ పోయి వరసలో చివర నిలిచింది.

ముగ్గురూ ఎదురు చూశారు. తెర మీద కొత్తగా ఏమీ పడలేదు.

మాహిరా మూడు చుక్కలు నొక్కి మళ్ళీ ఆ చోటుకే పోయింది. ఇందాక ఒక్క వరస ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. ఆమె మూయలేదు. అతనే అటువైపునుంచి మూసుకుని వెళ్ళిపోయాడు. తన అట్ట మీది మాట తానే పాటించాడు.

"ఏమైంది బేటీ? విన్నడా?" అన్నాడు నూరుద్దీన్.

ఆమెకు తెలియదు. తండ్రి గొంతు విన్నాక పోయాడో, దానికంటే ముందే పోయాడో చెప్పగలిగే టిక్కు ఏ ఫోనులోనూ లేదు. ఆమె మెల్లగా, "వినే ఉంటడు అబ్బా" అంది.

"మాహిరా" అని ముందు గదిలోనుంచి మురళీమోహన్ పిలిచాడు. స్టూలు జరిగిన చప్పుడైంది. "చాయ్ వద్దులే అమ్మా. ఏమన్న దొరికిందా? ఒకసారి నేను చూస్త."

ఇక మిగిలినవి ఇజాజ్ రాసిన ఆ మూడు మాటలు. వాటిని ఉంచితే, ఆమె వాట్సాప్‌లో ఇంకెవరో ఉన్నారని ఎవరికైనా తెలిసిపోతుంది. తుడిస్తే ఇజాజ్ ఎక్కడా లేడు, ఆమె చెప్పేది ఎవరూ నమ్మరు. ఇన్నాళ్ళకు అతను ఇంటికి పంపింది ఆ మూడే.

మాహిరా మొదటి దాని మీద బొటనవేలు పెట్టి తుడిచేసింది. గోడ మీది అట్ట రెండోసారి ఊడినట్టయింది. రెండోదీ తుడిచింది. తను రాసిన ప్రశ్నలూ, "నువ్వేనా"తో సహా, తుడిచింది. వేలు చివరి దాని మీదికి వచ్చి ఆగింది.

కింద కూర్చున్న అనీస్ బేగం చెయ్యెత్తి కోడలి మణికట్టు పట్టుకుంది. పొద్దున ఫోను కోసం గడప మీద అడ్డం కూర్చున్న మనిషే, కానీ ఈ పట్టులో బలం లేదు.

"అదొక్కటి ఉంచు బేటా" అంది.

మురళీమోహన్ చెయ్యి పరదాను పక్కకు జరిపింది.